మెయిన్ వాకిలికి టేకు: ఒక డిపోలో 1,950, ఇంకో డిపోలో 3,700. తేడా ఎక్కడుంది?

చంద్రగిరి కొత్తిల్లు:

అందరికీ నమస్కారం. చంద్రగిరి దగ్గర ఇల్లు కట్టుకుంటున్నాం. గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే, డబుల్ బెడ్‌రూమ్. బేస్‌మెంట్ అయిపోయింది. వాకిలి, అంటే ద్వారబంధం, నిలబెట్టడానికి పంతులు గారు వచ్చే నెలలో ముహూర్తం పెట్టారు. అంతలోపు చెక్క తేవాలి. అక్కడే టెన్షన్ మొదలైంది.

రేణిగుంట రోడ్డు వైపు ఒక డిపోలో అడిగితే టేకు అడుగు 1,950 అన్నారు. కొంచెం ముందుకెళ్లి ఇంకో చోట అడిగితే 3,700. రెండు చోట్లా "ఒరిజినల్ టేకు సార్" అనే మాటే. ముక్కలు చేతిలోకి తీసుకుని చూసినా నా కంటికి ఒకేలా ఉన్నాయి. మా మేస్త్రీ, చెన్నైకి పోయి దుంగ కొనుక్కుని కోయించుకుంటే ఇంతకంటే చాలా తక్కువకు వస్తుందంటాడు. మా మామ, అదంతా ఎందుకు, పొలం గట్టున వేపచెట్టుంది కదా, కొట్టేసి లోపలి వాకిళ్లకు వాడుకోమంటాడు. చెట్టు పెద్దదే, మా తాత నాటింది.

ఇంకో సంగతి. పూజగది తలుపు పైన పెట్టుకోవడానికి ఎర్రచందనం పలక ఇప్పిస్తానని తెలిసినాయన ఒకాయన అన్నాడు. బిల్లు గిల్లు ఏమీ ఉండదట. తీసుకోవచ్చా?

మెయిన్ వాకిలి 7 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు. కర్ర సైజు 5 బై 4 అంగుళాలు చాలన్నాడు మేస్త్రీ. తెలిసినవాళ్లు చెప్పండి.


సైటు ఇంజినీరు:

బాత్రూమ్ వాకిళ్లకు చెక్క వద్దు బ్రదర్. గ్రానైట్ ఫ్రేమ్ గానీ డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) గానీ పెట్టేయండి, నీళ్లు తగిలినా చెదలు వచ్చినా బాధ లేదు. కిటికీలకు యూపీవీసీ, అదే గట్టి ప్లాస్టిక్ ఫ్రేములు. చెక్క ఖర్చు మెయిన్ డోర్ వరకే ఉంచుకోండి. మిగతాది ఆచారి గారు వచ్చి చెబుతారు, ఆయన ఇలాంటి ప్రశ్న వదిలిపెట్టరు.


పాకాల ఆచారి:

వచ్చినా నాయనా.

1,950 టేకూ టేకే, 3,700 టేకూ టేకే. డిపో ఆయన అబద్ధం చెప్పాల్సిన పనే లేదు. ఏ దేశపు మాల్, దుంగ ఎంత లావు, కోసి ఎన్నాళ్లయింది, నేను ఏరిపెట్టిన ముక్కలే బండికెక్కిస్తారా? ఈ నాలుగూ అడగకుండా రేటు ఒక్కటే అడిగితే ఏ జవాబు వచ్చినా దానితో నువ్వు చేసుకునేదేమీ లేదు.

తక్కువ రేటు మాల్ దాదాపుగా ఓడలో వచ్చినదే. ఘానా, నైజీరియా, టాంజానియా, బ్రెజిల్, ఈక్వెడార్ తోటల్లో పెంచిన చెట్లు. తూత్తుకుడిలోనో చెన్నైలోనో దిగి లారీల్లో మన వైపు వస్తాయి. ఉత్తరాదికి పోయే మాల్ దిగేది గుజరాత్‌లో కాండ్లా రేవు, దాన్ని ఆనుకునే గాంధీధామ్. దేశంలో దిగుమతి కలపకు అంత పెద్ద అడ్డా ఇంకొకటి లేదు. ఈ తోట టేకు చెడ్డదని నేననను. కానీ చెట్టు వయసులో ఉండగానే కొట్టేస్తారు కాబట్టి దుంగ సన్నం, ముడులు ఎక్కువ, అంచున ఉండే తెల్లచెక్క ఎక్కువ. నిలువు కర్రకు 7 అడుగులు తిన్నగా, ముడి లేకుండా కావాలంటే పది ముక్కలు తిరగేసి ఏరుకోవాలి.

3,700 చెప్పినాయన బల్లార్షా అనైనా అనుంటాడు, బర్మా అనైనా అనుంటాడు. బల్లార్షా అంటే మహారాష్ట్రలో చంద్రాపూర్ జిల్లా, అక్కడి అడవిశాఖ డిపోల్లో వేలం పాడి తెచ్చే మాల్. మంచి చెక్కే, అందులో సందేహం లేదు. 2023లో అయోధ్య రామాలయం తలుపులకు ఆ టేకు పోయింది. అప్పటినుంచి మన డిపోల్లో పెట్టిన ప్రతి దుంగా బల్లార్షాలోనే పుట్టింది! బర్మా అంటే మాత్రం ఇంకొంచెం చెవి పెట్టి వినాలి. ఆ దేశం 2014 ఏప్రిల్‌తో దుంగల ఎగుమతి ఆపేసింది. తర్వాత చట్టంగా వచ్చేది కోసిన సైజులే, అంటే కర్రలూ పలకలూ. గుండ్రటి దుంగ చూపించి బర్మా అంటే అది చాలా పాత స్టాకన్నా అయ్యుండాలి, వట్టి మాటన్నా అయ్యుండాలి.

కాబట్టి పేరు వదిలెయ్. చేవ చూడు. ముక్క చివర, రంపం అడ్డంగా కోసిన ముఖం ఉంటుంది కదా, దాని మీద తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఎండలోకి తీసుకొచ్చి చూడు. లోపల తేనెరంగు నుంచి గోధుమరంగు దాకా ఉండేది చేవ. అంచున పాలిపోయి పసుపుగానో తెల్లగానో ఒక పట్టీ కనిపిస్తే అది తెల్లచెక్క. పురుగు పట్టేది అక్కడే, దాని తిండి అంతా అక్కడే ఉంటుంది. చెద కూడా ముందు అక్కడే మొదలవుతుంది. మెయిన్ వాకిలికి నేనైతే తెల్ల అసలు ఒప్పుకోను. లోపలి వాకిళ్లకు గోడలోకి పోయే వైపు వేలెడు మందం ఉన్నా సరిపెట్టుకుంటా, మందు పూసి.

కొందరు తెల్ల కనిపించకుండా రంగు పూస్తారు. దాన్ని పట్టుకోవడం తేలికే. రంపం గీతలుంటాయి చూడు, పూసిన రంగు ఆ గీతల్లో దిగి చిక్కగా కనిపిస్తుంది, గీతల మధ్య పలచగా ఉంటుంది. జేబులో చిన్న చాకు పెట్టుకుని పో. అంచున గోరంత చెక్కి చూస్తే లోపలి రంగు బయటపడుతుంది. చెక్కిన చోట వాసన చూడు. టేకుకు తోలు వాసన, దానికి తోడు చేతికి కొంచెం జిడ్డు. "చాకు పెట్టొద్దు సార్" అన్న డిపోలో కొనొద్దు. పగుళ్లలో పొట్టూ ఫెవికాలూ కలిపి నింపి పైన సాండింగ్ కొట్టి ఉంచుతారు, అది గోరుతో గీస్తే తెలిసిపోతుంది. చుట్టూ ఉన్న చెక్క గీతలు అక్కడికొచ్చి ఆగిపోతాయి.

ఇక లెక్క. డిపోలో అడుగు అంటే ఘనపుటడుగు. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో, మూడూ గుణించి 144తో భాగించు. నీ వాకిలికి నిలువు కర్రలు రెండూ కలిపి 14 అడుగులు, పైదీ గడపా కలిపి 8 అడుగులు, మొత్తం 22. దాన్ని 5తో, 4తో గుణిస్తే 440. 144తో భాగిస్తే 3.06 అడుగులు. 1,950 లెక్కన ఆరు వేలకు కాస్త తక్కువ. 3,700 లెక్కన పదకొండు వేల మూడొందల చిల్లర. అంటే నీకు నిద్రపట్టకుండా చేస్తున్న తేడా మెయిన్ వాకిలి ఒక్కదానికి ఐదున్నర వేల లోపే. ఇల్లంతటికీ ఒకే టేకు వాడాలనుకుంటేనే అది లక్షల్లోకి పోతుంది. మంచి మాల్ మెయిన్ వాకిలికీ దాని తలుపుకూ పెట్టు. మిగతా వాకిళ్లకు అంత అక్కర్లేదు.

టేపు నీదే తీసుకుపో. 5 బై 4 అని బిల్లు రాసి, ముక్క కొలిస్తే 4 ముప్పావు బై 3 ముప్పావు ఉంటుంది. పావు అంగుళమే కదా అనిపిస్తుంది. రెండు వైపులా పోయిన పావు కలిపితే నూటికి పదకొండు పాళ్లు చెక్క లేకుండానే డబ్బు కట్టినట్టు. చిత్రిక పట్టాక తగ్గుతుందంటారు. నిజమే, కానీ ఆ తగ్గేది నీ దగ్గరికి వచ్చాక తగ్గాలి, డిపోలో ఉండగా కాదు.

వేపచెట్టు సంగతి రాత్రికి రాస్తా. షాపులో పనుంది.


చంద్రగిరి కొత్తిల్లు:

ఆచారి గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, థాంక్స్ అండీ. 3,700 ఆయన బల్లార్షా అనే అన్నాడు, మీరు పక్కనుండి విన్నట్టే రాశారు. చెన్నై నుంచి దుంగ తెచ్చుకోవడం గురించి కూడా చెప్పరూ? మేస్త్రీ అక్కడ అడుగు 1,500కే దొరుకుతుందని పట్టుబట్టి కూర్చున్నాడు.


డిపో లెక్కలు:

చెన్నై ప్రశ్నకు నేను చెబుతాను. చిత్తూరులో ఒక కలప డిపోలో చాలాకాలం లెక్కలు రాశాను, ఇప్పుడు వేరే పని.

దుంగ కొలత వేరు, సైజు కొలత వేరు. దుంగకు నడుమ చుట్టుకొలత అంగుళాల్లో తీసి, దాన్ని నాలుగుతో భాగిస్తారు. వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి 144తో భాగిస్తారు. ఉదాహరణకు 40 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవు దుంగ అనుకోండి. 40లో నాలుగో వంతు 10. పదిపదుల వంద, ఇంటూ 8, బై 144. అంటే 5.56 అడుగులకు మీరు డబ్బు కడతారు. దీన్ని హోపస్ కొలత అంటారు, ఇంగ్లీషువాళ్ల కాలం నుంచి ఉన్నదే. ఆ దుంగలో నిజంగా ఉండే చెక్క 7.07 అడుగులు. ఆ తేడా అంతా కోతలో పోయే అట్టలకూ పొట్టుకూ వదిలిన తరుగు.

ఇక్కడిదాకా వినడానికి లాభంగానే ఉంటుంది. కానీ ఆ దుంగ కోయించి, తెల్ల తీసేసి, నడిమధ్య బెండు తీసేసి, పగిలిన చివరలు కొట్టేస్తే వాకిలికి పనికొచ్చే సైజులు 3 అడుగులు వచ్చాయనుకోండి. 1,500 చొప్పున 5.56కు 8,340 కట్టారు. చేతికొచ్చిన 3 అడుగులకు భాగిస్తే అడుగు 2,780 పడింది. దానిమీద కోత కూలి, చెన్నై నుంచి లారీ బాడుగ, మీ మేస్త్రీ రాకపోకలు. 18 శాతం జీఎస్టీ ఎటూ ఉంది, అది ఇక్కడ కొన్నా ఉంది. దుంగ లోపల బోలుగా ఉందో, పురుగు ఉందో రంపం కింద పెట్టేదాకా ఎవరికీ తెలియదు. నష్టమొస్తే అది మీదే. నాలుగిళ్ల పని ఒకేసారి చేసే కాంట్రాక్టరుకు దుంగ లాభం, ఎందుకంటే చిన్న ముక్కలు కూడా వెంటిలేటర్లకూ బీడింగులకూ కలిసొస్తాయి. ఒక్క ఇంటికి సైజులు కొనుక్కోవడమే మేలు.

దిగుమతి మాల్ అడిగేటప్పుడు ఘనమీటర్ల రేటు చెబితే ఇంకో చిక్కు. ఒక ఘనమీటరుకు మామూలు లెక్కలో 35.3 అడుగులు, హోపస్ లెక్కలో 27.74. ఏ లెక్కో ముందే ఒప్పించుకోండి.

ఆచారి గారితో ఒక చోట ఒప్పుకోను. పావు అంగుళం తక్కువ ఉండటం ప్రతిసారీ మోసం కాదు. పచ్చిగా కోసిన సైజు ఆరేకొద్దీ అదే కుంచించుకుపోతుంది. ఆరిన మాల్ కావాలంటారు, కొలత మాత్రం పచ్చిది కావాలంటారు. మంచి డిపోలో ఆ తరుగు ముందే చెబుతారు, లేదా ఉన్న కొలతకే బిల్లు వేస్తారు.


పాకాల ఆచారి:

లెక్కల సారు చెప్పింది సబబే. టేకు ఆరితే తగ్గుతుంది. కానీ 5 అంగుళాల కర్ర టేకులో ఆరినందుకు పావు అంగుళం తగ్గితే, అది రంపం నుంచి అప్పుడే దిగిన పచ్చిది అయ్యుండాలి. అంత పచ్చిదాన్ని ఆరిన మాల్ రేటుకు అమ్మిన డిపో ఏదో సారుకే తెలియాలి. సరే, ఉన్న కొలతకు బిల్లు అన్నారు కదా, ఇద్దరం అక్కడికే వచ్చాం.

ఆరిందా లేదా అన్నది మన ఊళ్లలో అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడ మే నెలలో ఎండ 40 దాటుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. నవంబరులో తలుపు బిగుసుకుని భుజం పెట్టి తోయాల్సొస్తుంది, మేలో అదే తలుపు సందులోంచి వీధి కనిపిస్తుంది. పచ్చి చెక్క అయితే ఈ రెండింటికీ తోడు మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన వాకిలికి మందు లేదు.

తేమ 12 శాతం దగ్గర ఉంటే మన వైపు బాగా సరిపోతుంది. తేమ మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, రెండు పిన్నులు గుచ్చితే అంకె చూపిస్తుంది. అది పైపై తేమే చూపిస్తుంది కాబట్టి ముక్క చివరి నుంచి జానెడు కోయించి, కొత్తగా బయటపడిన ముఖం మధ్యలో గుచ్చు. మీటర్ కొనడం ఎందుకనుకుంటే ఆ కోసిన జానెడులోంచి చిన్న ముక్క తీసి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాలో తూచు. తర్వాత ఇంట్లో ఓవెన్‌లో వంద డిగ్రీల పైచిలుకులో ఉంచి, బరువు ఇక తగ్గడం లేదనేదాకా మళ్లీ మళ్లీ తూచు. మొదట 640 గ్రాములుండి చివరకు 500 దగ్గర ఆగిందంటే పోయింది 140. దాన్ని ఐదువందలతో భాగిస్తే 28 శాతం. అలాంటి చెక్క నా షాపులోకి వస్తే తిప్పి పంపిస్తా.

ఇప్పుడు వేప. మీ మామ చెప్పిన మాట మంచిదే, టైము చెడ్డది. రాయలసీమలో పాతిళ్ల వాకిళ్లు సగం వేపవే. చేవ దేరిన వేపను చెద అంత తొందరగా ముట్టదు. కానీ దాని గీతలు ఒకదానికొకటి ఎదురు తిరిగి ఉంటాయి, చిత్రిక పడితే ఒక వైపు నున్నగా వచ్చి రెండో వైపు పీచు లేస్తుంది. పచ్చిది కోసి వెంటనే బిగిస్తే పగలడం ఖాయం. వచ్చే నెల ముహూర్తానికి ఈ నెల కొట్టిన వేప అసలు వద్దు. చెక్క ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. మూడంగుళాల కర్రకు ఎంతో నువ్వే చూసుకో.

చెట్టు కొట్టాలనే ఉంటే పై అంతస్తుకో, మంచాలకో అనుకుని కొట్టు. ఆకు రాలే కాలంలో, మాఘం ఫాల్గుణంలో కొట్టడం మంచిదని మా పెద్దోళ్లు అనేవాళ్లు. దుంగల్ని చెరువులో ముంచి కొన్నాళ్లు ఉంచేవాళ్లు, పురుగు తినే పిండిపదార్థం నీళ్లలో కరిగిపోతుంది. ఇప్పుడు చెరువులో నీళ్లూ లేవు, ముంచనిచ్చేవాళ్లూ లేరు. కోయించి బోరాక్స్, బోరిక్ ఆసిడ్ నీళ్లలో నానబెట్టు, అదే పని చేస్తుంది. కోసే మిల్లు ఆయనకు ముందే చెప్పు, నడిమధ్య బెండు ఏ కర్రలోనూ ఉండకూడదని. బెండు చుట్టూ కోసిన కర్ర ఎలా ఆరబెట్టినా నిలువునా బీట తీస్తుంది. కోసినాక రెండు చివర్లకూ పాత పెయింటైనా, మైనమైనా, ఏదీ లేకపోతే పేడైనా పూసి, నీడలో బద్దలు వేసి దొంతి పెట్టి, పైన బరువు ఎత్తు. బద్దలు ఒకదాని కింద ఒకటి సరిగ్గా నిలువుగా రావాలి, లేకపోతే కర్ర వాటి మధ్యలో వంగుతుంది.

చెట్టు నీదే అయినా కొట్టే ముందు ఫారెస్టు రేంజి ఆఫీసులో అడుగు. నీళ్లు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. ట్రాక్టరు రోడ్డెక్కినాక కాగితం అడిగితే అప్పుడు పరుగులు పెట్టి లాభం లేదు.

లోపలి వాకిళ్లకు ఇప్పుడే కావాలి కాబట్టి వేగిస చూడు. మన డిపోల్లో తమిళం కలిసిపోయి వెంగై అంటారు. గట్టి చెక్క, టేకు కంటే తక్కువకే వస్తుంది. ఒకటే ఇబ్బంది, తడిస్తే రంగు వదులుతుంది. గోడ పూత మీదికి పసుపు మరకలు దిగుతాయి. ప్లాస్టరింగ్‌కు ముందే అన్ని వైపులా ఒక కోటు ప్రైమరో సీలరో కొట్టించు. ఆఫ్రికా పడాక్ కూడా వస్తోంది, చూడ్డానికి ఎర్రగా భలే ఉంటుంది. అదీ రంగు వదిలే రకమే. ఎర్రచందనం జాతిదే అని చెప్పి అమ్మేవాళ్లున్నారు. జాతి ఒకటే, ఎర్రచందనం మాత్రం కాదు.


ఏర్పేడు అమ్మాయి:

ఎర్రచందనం గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. వద్దు అన్నా. బిల్లు లేని ఎర్రచందనం పలక ఇంట్లో పెట్టుకోవడం అంటే కేసును పూజగదిలో పెట్టుకోవడమే. శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, నల్లమల, ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగని చెట్టది. అరుదైన జంతువుల, మొక్కల వ్యాపారాన్ని దేశాల మధ్య కట్టడి చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఉంది. పట్టుకున్న దుంగల్ని ప్రభుత్వమే వేలం వేస్తుంది. పట్టా భూమిలో మనమే పెంచుకున్న చెట్టయినా కొట్టడానికీ తరలించడానికీ అనుమతి కావాలి. 2016లో రాష్ట్ర చట్టం మార్చి శిక్షలు కూడా పెంచారు. "తెలిసినాయన" చేతులు దులుపుకుంటాడు, పలక మీ ఇంట్లో ఉంటుంది.

పైగా ఆయన ఇచ్చేది ఎర్రచందనమే అని నమ్మకం ఏమిటి? ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. పడాక్ తేలుతుంది. అలాగని పరీక్ష చేద్దామని తీసుకోకండి మళ్లీ.

పూజగదికి చెక్కడం పని కావాలంటే మాధవమాల రండి. ఏర్పేడు మండలమే, మీకు ఎంతో దూరం లేదు. ఊళ్లో ఇంటింటా కొయ్య శిల్పం పనే. దశావతారాలు, వేంకటేశ్వరస్వామి, తలుపుల పైన గజలక్ష్మి, ఏది కావాలన్నా మీరు చెప్పిన కొలతకు చెక్కుతారు. చెక్క మీరు తెచ్చి ఇచ్చినా చేస్తారు, వాళ్లనే తెమ్మన్నా తెస్తారు. ముందు గీత గీసి చూపించమనండి, మెషిన్‌తో చెక్కిందా చేత్తో చెక్కిందా కూడా ముందే మాట్లాడుకోండి, రేటు అక్కడే మారుతుంది. చేత్తో చెక్కిన దానిలో కంటిరెప్ప కింద, చేతివేళ్ల మధ్య ఉలి లోతుగా దిగి ఉంటుంది. మెషిన్‌లో ఆ మూలలు గుండ్రంగా మిగిలిపోతాయి.

ఇంకోటి, మీరు అడగలేదు కానీ వంటగది ఎటూ వస్తుంది. ప్లైవుడ్ కొనేటప్పుడు "వాటర్‌ప్రూఫ్" అనే మాట నమ్మకండి. సింకు కింద ఐఎస్ 710 నంబరున్నది, మిగతా చోట ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకు తట్టుకునే) గ్రేడు అడగండి. ఆ 710 రకం 72 గంటలు మరిగించినా పొరలు ఊడకూడదు, స్టాండర్డ్ పెట్టిన పరీక్ష అది. మేం ఒక ముక్క ఇడ్లీ పాత్రలో వేసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉడికించాం. మా అత్తగారు ఇల్లంతా జిగురు వాసన అని తిట్టారు కానీ, షాపు ఆయన మెచ్చుకున్న రకం మూడు గంటలకే బూరెలా పొంగింది. ఐఎస్ఐ గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది.


చంద్రగిరి కొత్తిల్లు:

ఎర్రచందనం ఆయనకు వద్దని చెప్పేశాను, "మీ ఇష్టం, అందరిళ్లలో ఉంది" అన్నాడు. ఉండనీ.

ఇవాళ చాకూ టేపూ పట్టుకుని రెండు డిపోలకూ మళ్లీ వెళ్లాను. 1,950 డిపోలో ముక్క చివర తడిగుడ్డతో తుడిస్తే మూడో వంతు తెల్ల! రంగు కూడా పూశారు, మీరు చెప్పినట్టే గీతల్లో దిగి ఉంది. 3,700 ఆయన చాకు పెట్టనిచ్చాడు. చేవ బాగుంది, తోలు వాసన వచ్చింది. ఒక కర్రలో మాత్రం రూపాయి బిళ్లంత ముడి ఉంది. ఉన్న కొలతకే బిల్లు వేస్తానన్నాడు. కొంచెం బేరమాడితే 3,500కు దిగాడు. ఆ ముడి ఉన్న కర్ర తీసుకోవచ్చా ఆచారి గారూ? కొత్తగా కోసిన ముఖంలో మీటర్ 14 చూపించింది, మా ఫ్రెండ్ దగ్గర అరువు తెచ్చాను.


పాకాల ఆచారి:

14 అంటే ఫరవాలేదు నాయనా, ముహూర్తం లోపు నీడలో గాలి తగిలేలా ఉంచితే ఇంకొంచెం దిగుతుంది. సైటులో ఇసుక పక్కన, సిమెంటు పక్కన పడేయొద్దు.

ముడి సంగతి. వేలితో నొక్కి చూడు. గట్టిగా, చుట్టుపక్కల చెక్కతో కలిసిపోయి ఉంటే అది బతికున్న కొమ్మ ముడి, భయం లేదు. చుట్టూ నల్లటి గీత ఉండి, నొక్కితే కదిలితే చచ్చిన ముడి, ఎప్పటికైనా ఊడి కింద పడుతుంది. బతికున్న ముడైనా నిలువు కర్రలో కీళ్లు వచ్చే చోట ఉండకూడదు, స్క్రూ పట్టదు. పై అడ్డకర్రకు వాడుకో, అక్కడైతే ఎవరికీ ఇబ్బంది లేదు. గడపకు మాత్రం ముడి లేనిది పెట్టు, రోజూ కాళ్లు పడే చోటు.

బిల్లులో టేకు అని, కర్రల సంఖ్య, కొలత, మొత్తం అడుగులు రాయించుకో. బండికి ఎక్కించే ముందు నువ్వు ఏరిన ప్రతి కర్ర చివర మార్కర్‌తో నీ సంతకం పెట్టు. ఏరింది ఒకటి, ఇంటికొచ్చింది ఇంకొకటి అనే గొడవ ఉండదు.

వాకిలి బిగించాక నిలబెట్టే ముందు గోడలోకి పోయే మూడు వైపులా తారు పూయించు, హోల్డ్‌ఫాస్ట్‌లు (వాకిలిని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) పక్కకు మూడేసి. బయటకు కనిపించే వైపు ఒక కోటు సీలర్ కొట్టి ప్లాస్టిక్ షీటు చుట్టేయమను. సిమెంటు నీళ్లు టేకు మీద పడితే నల్లగా మచ్చ కడుతుంది, పాలిష్ వాడు ఎంత గీకినా పోదు. పసుపు కుంకుమ పెట్టే చోట షీటు కొంచెం కత్తిరించుకోండి, ఆడవాళ్లు ఊరుకోరు. తలుపు రెక్క ఇప్పుడే చేయించొద్దు. ఆ కొలతకు మాల్ కొని పక్కన పెట్టి ఆరనీ, ఇంటి ప్లాస్టరింగ్ అయ్యాక మొదలుపెడితే సరిపోతుంది.